లినేజ్ ఓఎస్ ఫ్రీయే... మరి ఖర్చు ఎక్కడ?

కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన ఫోన్లలో లినేజ్ ఓఎస్ వేసుకోమని నేనూ చెప్తుంటాను. రూపాయి కట్టక్కర్లేదు. 2014లో వన్‌ప్లస్ వన్ ఫోన్ సయనోజెన్ ఓఎస్‌తో వచ్చింది, గుర్తుందా? 2016 డిసెంబర్‌లో ఆ కంపెనీ సర్వీసులన్నీ ఆపేసింది. సోర్స్ కోడ్ ఓపెన్‌గా ఉండబట్టే డెవలపర్లు దాన్ని లినేజ్ ఓఎస్ పేరుతో ముందుకు తీసుకెళ్లారు. క్లోజ్డ్ అయ్యుంటే కథ అక్కడే ముగిసేది.

అయితే బూట్‌లోడర్ అన్‌లాక్ చేయగానే ఫోన్‌లో డేటా మొత్తం పోతుంది. గూగుల్ ప్లే ఇంటిగ్రిటీ చెక్‌లో ఫెయిలైతే కొన్ని బ్యాంక్, యూపీఐ యాప్‌లు తెరుచుకోవు. యూపీఐ లేని ఫోన్ మన దగ్గర సగం ఫోనే! వైడ్‌వైన్ ఎల్1 నుంచి ఎల్3కి పడితే ఓటీటీలో హెచ్‌డీ కూడా కష్టమే.

చాలామంది చూడనిది ఇంకోటుంది. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ ప్యాచ్ తేదీ కొత్తగానే కనిపిస్తుంది, కానీ అది ఆండ్రాయిడ్ భాగానికే. మోడెమ్, ప్రాసెసర్ ఫర్మ్‌వేర్ క్లోజ్డ్ కాబట్టి వాటిలో లోపాలు సరిచేయాల్సింది తయారీ కంపెనీలే. వాళ్లు ఆపేస్తే అవి అక్కడే ఉండిపోతాయి.

పైగా మీ మోడల్‌కి బిల్డ్ సిద్ధం చేసే మెయింటెయినర్ జీతం లేకుండా, ఖాళీ టైంలో చేస్తారు. ఆ మనిషి తప్పుకుని, ఇంకెవరూ రాకపోతే సపోర్ట్ అంతే. అందుకే వేసేముందు మీ మోడల్‌కి ఇప్పుడు మెయింటెయినర్ ఉన్నారో లేదో చూడండి. యూపీఐ వాడే మెయిన్ ఫోన్‌ని మాత్రం కదపొద్దు.