మొర్రి (సారపప్పు) మొక్కల పెంపకం: విత్తనం నుండి నాటుదల వరకు

మామిడి, జీడిమామిడి, నల్లజీడి చేరిన అనకార్డియేసి కుటుంబానికే చెందిన మరొక వృక్షం మొర్రి. దీని శాస్త్రీయ నామం బుకనానియా లాన్‌జాన్. పూర్వపు వరంగల్ జిల్లాలోని ములుగు, ఏటూరునాగారం అడవులలో ఇది సహజంగా పెరుగుతుంది. వేసవిలో లభించే పండ్లు, గట్టి పెంకును పగులగొట్టి తీసే సారపప్పు గిరిజన కుటుంబాలకు ఆహారం, ఆదాయం కూడా. కేంద్ర ప్రభుత్వం 2013-14లో అటవీ ఉత్పత్తులకు కనీస మద్దతు ధర పథకాన్ని ప్రారంభించినప్పుడు సారపప్పు కాయలు తొలి జాబితాలోనే చోటు చేసుకున్నాయి.

అయితే గింజకు గిరాకీ పెరిగినకొద్దీ చెట్టుకు ముప్పు పెరుగుతున్నది. సేకరణలో పోటీ వల్ల కాయలను పక్వానికి రాకముందే కోయడం, కొమ్మలను నరకడం జరుగుతున్నది. నేలరాలి మొలకెత్తవలసిన గింజ మిగలడం లేదు. మొలిచిన కొద్దిపాటి మొక్కలు వేసవి కార్చిచ్చుకు, పశువుల మేతకు బలవుతున్నాయి. కావున నర్సరీలో మొక్కలను పెంచి పొలాలలో, బంజరు భూములలో నాటడం అవసరం.

విత్తన సేకరణ: ఏప్రిల్-మే నెలలలో పూర్తిగా నల్లబడిన పండ్లనే, ఆరోగ్యవంతమై ఏటా బాగా కాసే చెట్ల నుండి సేకరించాలి. పండ్లను నీటిలో నానబెట్టి, రుద్ది గుజ్జును తొలగించాలి. నీటిపై తేలిన తాలు గింజలను తీసివేసి, మునిగిన వాటిని నీడలో ఆరబెట్టాలి. పప్పులో నూనె అధికంగా ఉండటం వల్ల నిల్వ పెరిగినకొద్దీ మొలక శక్తి క్షీణిస్తుంది. అందుచేత ఆ సంవత్సరపు విత్తనాన్ని ఆలస్యం చేయక విత్తాలి.

మొలక: దృఢమైన పెంకు పిండం విస్తరణను అడ్డుకొనడమే మొలక తగ్గడానికి ముఖ్య కారణం. పెంకు అతుకు వెంబడి స్వల్పంగా బీట తీసేటట్లు జాగ్రత్తగా నొక్కి, తరువాత నీటిలో నానబెట్టి విత్తితే మొలక మెరుగుపడుతుంది. పప్పుకు గాయమైతే శిలీంధ్రాలు ప్రవేశించి గింజ కుళ్ళిపోతుంది. కావున మట్టి మిశ్రమంలో ట్రైకోడెర్మాతో వృద్ధి చేసిన పశువుల ఎరువును కలపడం మంచిది.

సంచులలో పెంపకం: మొర్రి మొక్క కాండం కంటె ముందుగా తల్లివేరును లోతుగా పెంచుకొంటుంది. ఎండలను తట్టుకొనే శక్తి దానివల్లనే వస్తుంది. నాటేటప్పుడు మొక్క చనిపోవడానికి కూడా అదే కారణమవుతుంది. నారుమడిలో పెంచి పీకితే తల్లివేరు తెగుతుంది. పొట్టి సంచిలో అడుగున చుట్టలు తిరుగుతుంది. కావున 25-30 సెం.మీ. లోతు గల పాలిథిన్ సంచులలో ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు 2:1:1 నిష్పత్తిలో నింపి నేరుగా విత్తాలి. సంచులను అప్పుడప్పుడు కదిలించి స్థానం మార్చకపోతే వేరు అడుగు రంధ్రాల గుండా నేలలోకి దిగుతుంది.

నాటుదల: మొక్క ఎదుగుదల నెమ్మది గనుక ఏడాది మొక్కలను మరుసటి తొలకరిలో నాటడం మేలు. నీరు నిలవని చెల్క నేలలు అనుకూలం. వేసవిలోనే 60 సెం.మీ. ఘనపు గుంతలు తీసి, పైమట్టితో పశువుల ఎరువు కలిపి నింపాలి. వరుసకు వరుసకు, మొక్కకు మొక్కకు 8 మీటర్ల దూరం పాటిస్తే హెక్టారుకు సుమారు 156 మొక్కలు పడతాయి. నాటడానికి కొన్ని వారాల ముందు నీడను, నీటిని క్రమంగా తగ్గించి మొక్కలను గట్టిపరచాలి. మట్టిగడ్డ చెదరకుండా సంచిని కోసి తీసివేయాలి. మొదటి రెండు వేసవులలో పాదులకు ఆకుల మల్చింగ్, పశువుల నుండి కంచె తప్పనిసరి.

తల్లివేరుకు ఏ మాత్రం భంగం కలగరాదనుకొంటే, గుంతలోనే రెండు మూడు గింజలు విత్తి బలమైన ఒక్క మొక్కను ఉంచవచ్చు. ఎలుకలు, ఉడుతల బెడద ఉన్నచోట ఈ పద్ధతి తగదు.

విత్తనపు మొక్కలన్నీ తల్లిచెట్టు గుణాలను యథాతథంగా పొందవు. కాపు కూడా ఆలస్యమవుతుంది. కావున వాటిని వేరుమూలాలుగా ఉపయోగించి, ఎంపిక చేసిన చెట్ల నుండి లేత కొమ్మ అంటు కట్టవచ్చు. గుజరాత్‌లోని వేజల్‌పూర్ కేంద్ర ఉద్యాన ప్రయోగ కేంద్రం ఈ విధానంపై కృషి చేసింది.

విస్తరణ శాస్త్రవేత్తలు పంపిణీ చేసిన మొక్కల సంఖ్యను కాక, రెండవ వేసవి దాటి బ్రతికిన మొక్కల సంఖ్యను నమోదు చేయాలి. విత్తన సేకరణ, సంచి లోతు, నాటిన విధానం ఎంత సరిగా ఉన్నవో ఆ సంఖ్యయే తెలుపుతుంది.