చెట్టుకప్పల ఆహారము: స్వేచ్ఛయందును, నిర్బంధమునందును

తెలుగువారు దక్షిణాపథమున ఎచట స్థిరపడినను, తొలకరి రాత్రులలో గోడమీదనో, నీళ్లతొట్టి అంచుననో, స్నానాలగది మూలనో ఒక కప్ప వారికి కనబడుచునే యుండును. గోధుమవన్నె చర్మమును, తొడల వెనుక పసుపు చుక్కలును, వ్రేళ్ల కొనలయందు గుండ్రని బిళ్లలును దీని గుర్తులు. మనము దీనిని చెట్టుకప్ప యందుము. కన్నడిగులు మరగప్పె యనియు, తమిళులు మరత్తవళై యనియు, ఒడియావారు గఛబెంగ యనియు వ్యవహరింతురు. తెలుగు కప్పయు కన్నడపు కప్పెయు ఒక్క ఇంటి బిడ్డలే. తమిళము మాత్రమిచట వేరు త్రోవ త్రొక్కినది. జాన్ ఎడ్వర్డ్ గ్రే 1830లో మొదట వర్ణించిన ఈ జాతికి శాస్త్రనామము పాలిపెడేటిస్ మాక్యులేటస్.

చెట్టుపై నుండునది గనుక ఇది ఆకులు తినునని కొందరి తలంపు. అది సరికాదు. పెరిగిన చెట్టుకప్ప మాంసాహారి. మిడతలు, కీచురాళ్లు, బొద్దింకలు, ఈగలు, సాలెపురుగులు, గొంగళిపురుగులు, దీపముచుట్టు మూగు రెక్కలపురుగులు దీని ఆహారము. వానవెలసిన సాయంకాలము పుట్టనుండి ఉసిళ్లు లేచెనా, దానికి పండుగయే. పగలు కాళ్లు ముడుచుకొని నిద్రించి, చీకటి పడినపిదప వేటకు వెడలును. వేట యనగా తరుముట కాదు. కదలక కూర్చుండి, పురుగు అందుబాటునకు వచ్చువరకు వేచియుండుట. నాలుక నోటిలో ముందువైపున అతుకబడి యుండుటచే అది బయటికి విసరబడి, జిగురుతో పురుగును లాగుకొనును. నమలుట లేదు, మ్రింగుటయే. మ్రింగునపుడు కప్ప కన్నులు మూయుట పెక్కుమంది చూచియుందురు. అది రుచిని ఆస్వాదించుట కాదు. కనుగ్రుడ్లు లోనికి దిగి ఆహారమును గొంతులోనికి నెట్టుచున్నవి.

శైశవమున దీని భోజనమే వేరు. నీటిపై వ్రేలాడు కొమ్మలకు కట్టిన నురుగుగూటినుండి నీటిలోనికి జారిపడిన తోకకప్పలు నాచును, కుళ్లిన ఆకులను గీరి తినును. కాళ్లు పూర్తిగా వచ్చి తోక తరుగు దినములలో అవి ఏమియు తినవు. తోకలోని సారమే వానికి ఆహారము. ఆ వ్యవధిలోనే పొడవైన ప్రేగు పొట్టిదై మాంసాహారమునకు అనువగును. బ్రెజిలుదేశపు జీనోహైలా ట్రంకేటా అను చెట్టుకప్ప మాత్రము పెరిగినపిదపను పండ్లు తినును. ఇది మిక్కిలి అరుదు.

ఇక నిర్బంధము. బడిపిల్లలు కప్పను సీసాలో పెట్టి అన్నపు మెతుకులు, చచ్చిన ఈగలు వేయుట కలదు. కప్ప వానిని ముట్టదు. పిల్లలు దానికి ఆకలి లేదనుకొందురు. నిజమునకు అది ఆకలితో మాడుచున్నది. 1959లో అమెరికాలో లెట్విన్, మతురానా, మెక్కలక్, పిట్స్ అను నలుగురు కప్ప కంటినుండి మెదడునకు పోవు నాడీతంతువులను పరీక్షించి, చిన్నదై కదలు వస్తువునకు ప్రత్యేకముగా స్పందించు తంతువులు అందు కలవని చూపిరి. కదలని ఈగ దానికి ఆహారముగా తోచదు.

అందుచే కప్పలను పెంచువారు ప్రాణముతో నున్న కీచురాళ్లను వేయుదురు. ఆస్ట్రేలియాదేశపు పచ్చని చెట్టుకప్పను పెక్కుదేశములలో ఇండ్లయందు పెంచుచున్నారు. వానికి ప్రధానాహారము ఇదియే. కడుపు నిండును గాని కొరత తీరదు. అడవిలోని పురుగు నానావిధములైన ఆకులను తిన్నది. అంగడిలోని కీచురాయి తవుడువంటి ఒక్క మేతతో పెరిగినది. కప్పకు చేరునది పురుగు మాత్రమే కాదు, ఆ పురుగు తిన్న మేతయు. కీచురాతిలో భాస్వరము ఎక్కువ, కాల్షియము మిక్కిలి తక్కువ. ఏండ్ల తరబడి అదియే తిన్న కప్ప ఎముకలు మెత్తబడి వంగును. ఏ విటమిను లోపించినచో మరియొక విచిత్రమైన కీడు కలుగును: నాలుకపై జిగురునిచ్చు గ్రంథుల పొర మారిపోయి జిగురు తగ్గును. కప్ప గురిచూచి నాలుక విసరును, పురుగునకు తగులును, కాని పురుగు అంటదు. అమెరికాలో సంరక్షణకై పెంచిన వయోమింగు గోదురుకప్పలలో ఈ వ్యాధి కనబడినది. వంశమును నిలుపుటకై తెచ్చిన జీవులు మేత ఎదుటనుండగనే చిక్కిపోయినవి.

కావున కీచురాళ్లకు ముందుగా ఆకుకూరలు, క్యారెట్టు పెట్టి, పిదప వానిపై కాల్షియపు పొడియు విటమిను పొడియు చల్లి కప్పకు వేయుదురు. నడుమ నడుమ బొద్దింకలు, పట్టుపురుగులు మార్చి వేయుట మేలు. పురుగుమందు చల్లిన తోటనుండి పట్టితెచ్చినవి తగవు. పిల్లకప్పకు ప్రతిదినము మేత కావలెను. పెరిగినదానికి వారమునకు రెండుమూడు మారులు చాలును. అధికమైనచో ఆస్ట్రేలియా కప్పకు కనులపై క్రొవ్వు మడతలు దిగి చూపునకు అడ్డుపడును. రాత్రి తినగా మిగిలిన కీచురాళ్లను తెల్లవారునప్పటికి తీసివేయవలెను. మేతలేని కీచురాయి నిద్రించు కప్ప చర్మమును కొరుకును.