తల కింద చెయ్యి

సంక్రాంతికి మా అమ్మాయి వాళ్ళు హైదరాబాద్ నుంచి కార్లో తెనాలి వచ్చారు. కారు వాకిట్లో ఆగేసరికి ఏడు నెలల మనవడు లోపల ఏడుపు అందుకున్నాడు. వెనక సీట్లో వాడికో బుల్లి సీటు, అదీ వెనక్కి తిరిగి ఉంది. పట్టీలు విప్పుతుంటే మా ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏవండీ, చంటాణ్ణి అలా కట్టేసి తీసుకురావాలా? ఒళ్ళో వేసుకుంటే హాయిగా నిద్రపోయేవాడు కదా!"

ముగ్గురు పిల్లల్ని ఒళ్ళో వేసుకుని పెంచిన మనిషి, ఆ బాధ నాకు తెలుసు. భూమ్మీద పసివాడికి ఒడిని మించిన చోటు లేదు, పరుగెత్తే బండిలో తప్ప.

"బండిలో ఎందుకు కాదు తాతయ్యా?" అంది తొమ్మిదేళ్ళ మనవరాలు.

దాని బొమ్మ లారీలో నిమ్మకాయ పెట్టి గడప వైపు గట్టిగా తొయ్యమన్నాను. లారీ గడపకి కొట్టుకుని ఆగింది. నిమ్మకాయ మాత్రం ఎగిరి వసారాలో పడింది. లారీని ఆపడానికి గడప ఉంది తల్లీ, నిమ్మకాయని ఆపడానికి ఏముంది? కదిలే దేన్నైనా ఇంకొకటి ఆపాలి. జడత్వం అంటే ఇదే.

ఇప్పుడు లెక్క చూడు. గంటకి 50 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి దాదాపు 14 మీటర్లు. మూడంతస్తుల మేడ మీంచి పడితే నేల తాకేటప్పుడు ఉండే వేగం అది. బండి దేన్నో గుద్దుకుని సెకనులో పదోవంతులో అది సున్నా అయిందనుకో, ఒంట్లో ఒక్కో కిలో 14 కిలోల బరువుతో ముందుకి లాగుతుంది. తమ్ముడు 8 కిలోలు. అంటే 112. క్వింటా దాటిపోయింది! అమ్మమ్మ చేతులే కాదు, ఏ పహిల్వాను చేతులూ ఆ బరువుని ఆపలేవు.

"పోనీ, ఇద్దరికీ కలిపి బెల్టు పెట్టుకుంటే?" అంది మా ఆవిడ. అది మరీ ప్రమాదం. అప్పుడు పెద్దవాళ్ళ బరువంతా వాడి మీదే పడుతుంది, వాడు బెల్టుకీ మనిషికీ మధ్య నలిగిపోతాడు.

మరి సీటు వెనక్కి ఎందుకు తిరగాలి? పుట్టిన బిడ్డ పొడవులో నాలుగోవంతు తలే. పెద్దవాళ్ళకైతే ఇంచుమించు ఎనిమిదోవంతు. అంత బరువైన తలని మోసే మెడపూసలు పసివాళ్ళలో ఇంకా పూర్తిగా ఎముక కాలేదు. మెడ నిలవని బిడ్డని ఎత్తుకునేటప్పుడు తల కింద చెయ్యి వెయ్యమని మన ఇళ్ళలో బాలింతకి ఎవరు చెప్పరు? బండి గుద్దుకున్న దెబ్బ ముందు ఏడు నెలల మెడైనా, ఏడాదిన్నర మెడైనా నిలవని మెడే. సీటు వెనక్కి తిరిగి ఉంటే, కారు ఆగిన క్షణాన తల, మెడ, వీపు మూడూ కలిసి సీటులోకి ఒరుగుతాయి. దెబ్బ వీపంతా పరుచుకుంటుంది. తల కింద మనం వేసే చెయ్యి అదే!

ఈ ఆలోచన 1960ల్లో స్వీడన్‌కి చెందిన బెర్టిల్ ఆల్డ్‌మన్‌ది. జెమినీ వ్యోమగాములు వీపు ఆనించి పడుకుని రాకెట్ ఒత్తిడిని తట్టుకోవడం చూశాడాయన. స్వీడన్‌లో పిల్లల్ని నాలుగేళ్ళ దాకా అలాగే కూర్చోబెడతారు. కాళ్ళు ఇరుకయ్యాయని మనవాళ్ళు తొందరపడి తిప్పేస్తారు గానీ, మఠం వేసుకుని కూర్చోగల పిల్లలకి అదో ఇబ్బందా?

ఒక్కటి మాత్రం ఎప్పుడూ చెయ్యకూడదు. ముందు సీట్లో ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తుంటే అక్కడ ఈ వెనక్కి తిరిగే సీటు పెట్టకూడదు. ఆ సంచీ కన్ను మూసి తెరిచేలోపు విచ్చుకుని సరిగ్గా పసివాడి తల వెనక కొడుతుంది.

కొనేటప్పుడు ధర కన్నా ముందు సీటు మీది చీటీ చూడాలి, మన బిడ్డ బరువుకీ ఎత్తుకీ సరిపోతుందా అని. మన కారులో బిగించి చూడాలి. బెల్టు వెళ్ళేచోట పట్టుకుని ఊపితే అంగుళానికి మించి కదలకూడదు. ఎవరో వాడింది ఇస్తామంటే, అది ప్రమాదంలో పడిందో లేదో తెలియకపోతే తీసుకోవద్దు. లోపలి పగుళ్ళు పైకి కనపడవు. పట్టీ భుజం దగ్గర రెండు వేళ్ళతో గిల్లి చూస్తే మడత చిక్కకూడదు. చలిదేశాల్లో ఉన్న మన పిల్లలైతే లావుపాటి కోటు విప్పాకే పట్టీ పెట్టాలి. మన ఎండల్లోనేమో ఆ ఇనప బకిల్‌ని ముందు చేత్తో తాకి చూడాలి, మే నెలలో తొడ కాలిపోతుంది. దారిలో వాడి గడ్డం ఛాతీకి ఆనుకుపోతుందేమో చూస్తూ ఉండాలి, ఊపిరికి అడ్డం. ఇల్లు చేరాక నిద్ర మంచం మీదే.

"నాకు మాత్రం ఎత్తు పెంచే ఆ బూస్టర్ సీటు అక్కర్లేదు, నేను పెద్దదాన్ని" అంది మనవరాలు. 2019లో సవరించిన మన చట్టం ప్రకారం 14 ఏళ్ళలోపు వాళ్ళందరికీ బెల్టో, పిల్లల సీటో ఉండాల్సిందే, లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా అన్నాను. దానికి జరిమానా కన్నా పొట్ట సంగతి బాగా అర్థమయింది. పెద్దల తుంటి ఎముక బెల్టుని పట్టి ఉంచుతుంది. పిల్లలకి ఆ ఎముక అంచు ఇంకా ఎదగదు కాబట్టి బెల్టు జారి పొట్టలోకి దిగుతుంది. బూస్టర్ మీద కూర్చుంటే బెల్టు తొడల మొదట్లోనూ, భుజం మధ్యలోనూ పడుతుంది. అమెరికాలో 4 అడుగుల 9 అంగుళాలు వచ్చేదాకా వాడమంటారు, అంటే 145 సెంటీమీటర్లు.

వెంటనే పెన్సిల్ తెచ్చి నా చేతికిచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. 128. వెళ్ళేరోజు బూస్టర్ తనే తెచ్చుకుని సీటు మీద వేసుకుంది. బుడతడి పట్టీ మా ఆవిడే బిగించి, భుజం దగ్గర రెండుసార్లు గిల్లి చూసింది.