కొత్త వేటగాని ఉడుపు: పందికి కనపడరాదు, తోటివానికి కనపడాలి

కేరళలోని వయనాడు, ఇడుక్కి వంటి కొండ జిల్లాలలో చీకటి పడిన తరువాత కర్రపెండలం తోటల గట్ల మీద తుపాకులు పట్టుకుని కొందరు నడుస్తూ కనిపిస్తారు. వారు వినోదం కోసం బయలుదేరినవారు కారు. పంటను కుళ్లగించే అడవి పందిని కాల్చడానికి స్థానిక సంస్థ ఇచ్చిన ఉత్తర్వుతో వచ్చినవారు. వారిలో చేయి తిరిగినవారు కొందరే. పంట రక్షణ కోసం ఏనాడో తీసుకున్న లైసెన్సు తప్ప, జంతువు మీద ఒక్క గుండు కూడా పేల్చి ఎరుగనివారూ ఆ గుంపులో ఉంటారు. అట్టి కొత్తవాడు ఏ తూటా వాడాలో, ఎక్కడ పొంచి ఉండాలో పదిమందిని అడిగి తెలుసుకుంటాడు. ఏ బట్టలు కట్టుకుని వెళ్లాలో మాత్రం ఎవరినీ అడగడు. ప్రాణం మీదకు వచ్చే పొరపాటు తరచుగా అక్కడే మొదలవుతుంది.

భారతదేశంలో వేట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నిషిద్ధం. అయితే మనుషుల ప్రాణాలకు గాని, చేలో నిలిచిన పంటతో సహా ఆస్తికి గాని ముప్పు తెచ్చే కొన్ని జాతుల జంతువులను చంపడానికి లిఖితపూర్వకంగా అనుమతించే అధికారాన్ని ఆ చట్టంలోని 11వ సెక్షన్ కల్పించింది. ఈ నిబంధనను ఆధారం చేసుకుని 2022 మే నెలలో కేరళ ప్రభుత్వం స్థానిక సంస్థల అధ్యక్షులను గౌరవ వన్యప్రాణి సంరక్షకులుగా గుర్తించి, లైసెన్సు తుపాకీ గలవారి చేత అడవి పందులను కాల్పించే అధికారాన్ని వారికి అప్పగించింది. విషం పెట్టడం, పేలుడు పదార్థాలు అమర్చడం, విద్యుత్తు ప్రవహింపజేయడం నిషిద్ధం. చంపిన పంది మాంసాన్ని ఎవరూ వాడుకోరాదు, కళేబరాన్ని పూడ్చివేయాలి. ఈ విధంగా దేశంలో వేట ముగిసిన కొన్ని దశాబ్దాలకు ఒక కొత్త తరహా వేటగాడు పుట్టుకువచ్చాడు. అతడు నవాబూ కాదు, దొరా కాదు. నాలుగెకరాల రైతు, లేదా అతని పొరుగువాడు.

పంది దేనిని చూస్తుంది?

వేటగాడు అనగానే ఆకులూ కొమ్మలూ అచ్చు వేసిన జాకెట్టు, దానికి తగిన టోపీ, మోకాళ్ల దాకా తోలు బూట్లు మనసులో మెదులుతాయి. విదేశీ కంపెనీల సరుకైతే వీటి ధర వేలల్లో ఉంటుంది. అయితే ఈ ఖర్చులో అధిక భాగం పంది కంటిని మోసగించడానికి పెట్టేది. పంది ప్రధానంగా ఆధారపడేది కంటి మీద కాదు, ముక్కు మీద, ఆపైన చెవి మీద. గాలి దాని వైపు వీస్తుంటే ఎంత ఖరీదైన జాకెట్టు అయినా మనిషిని దాచలేదు. గాలి ఎదురుగా వీస్తూ, మనిషి కదలకుండా ఉంటే పాత ఖాకీ చొక్కా చాలు.

రంగుల విషయంలోనూ పందికి పరిమితి ఉన్నది. మనిషి కంటిలో రంగులను గుర్తించే కణాలు మూడు రకాలు కాగా పందికి రెండే రకాలు. నీలం దానికి బాగా తెలుస్తుంది. ఎరుపు, నారింజ, ఆకుపచ్చల మధ్య తేడా తెలియదు. కనుక మనం నిగనిగలాడే నారింజగా చూసేది దానికి పరిసరాలలో కలిసిపోయే మామూలు రంగు. కొత్తవారు అలవాటుగా తొడుక్కునే నీలి జీన్సే దానికి ఎక్కువ తెలిసే అవకాశం ఉన్నది. కేరళలో ఇంటింటా కట్టే తెల్ల పంచె వెన్నెలలో దూరానికి మెరుస్తుంది. ఎగగట్టిన లుంగీ పిక్కలను ముళ్లకూ పురుగుకూ అప్పగిస్తుంది.

మట్టి రంగు వేటకు పనికివస్తుందన్నది ఈ ఉపఖండం లోకానికి నేర్పిన పాఠమే. పారశీకంలో ఖాక్ అంటే ధూళి. 1846లో పెషావరులో ఏర్పడిన గైడ్స్ దళానికి హ్యారీ లమ్స్‌డెన్ ఈ దుమ్ము రంగు దుస్తులను ప్రవేశపెట్టగా, అది సైన్యాలకు, పోలీసులకు, అటవీ సిబ్బందికి, వేటగాళ్లకు వ్యాపించింది. నేడు ఏ పట్టణంలోనైనా యూనిఫారం గుడ్డ అమ్మే దుకాణంలో ఖాకీ తాను సులభంగా దొరుకుతుంది. దర్జీ చేత వదులుగా కుట్టించుకున్న నూలు ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా కొత్త వేటగానికి సరిపోయే మొదటి జత.

అసలు ప్రమాదం తోటివాని తుపాకీ

రాత్రివేళ నాలుగు దిక్కుల నుంచి నలుగురు ఒకే చేనులోకి దిగినప్పుడు పంది కన్నా పెద్ద ప్రమాదం పొరపాటు గుండు. పొద కదిలితే పంది అనుకుని కాల్చగా మనిషి నేలకొరిగిన ఘటనలు మన దేశంలోనూ ఇతర దేశాలలోనూ పలుమార్లు జరిగాయి. దూరానికి వంగి నడిచే మనిషి ఆకారం చీకటిలో జంతువు ఆకారానికి దగ్గరగా ఉంటుంది. ఆకుల అచ్చు వేసిన జాకెట్టు ఈ ప్రమాదాన్ని మరింత పెంచుతుంది. పందిని మోసగించడానికి కొన్న ఆ వస్త్రం తోటివానిని మోసగిస్తుంది.

అమెరికాలో అనేక రాష్ట్రాలు తుపాకీతో వేటాడేవారు మెరిసే నారింజ రంగు ధరించాలని శాసించడానికి కారణం ఇదే. మనిషి కంటికి కొట్టవచ్చినట్లు కనిపిస్తూ, జంతువు కంటికి ఆనకుండా ఉండే రంగు అది. అయితే నారింజ రంగు పగటికే పనికివస్తుంది. చీకటిలో ఏ రంగూ తెలియదు. అక్కడ ఆదుకునేది జాకెట్టుకు అడ్డంగా కుట్టిన వెండి రంగు పట్టీ. దానిలోని సన్నని గాజు పూసలు తమ మీద పడిన వెలుగును వచ్చిన దిక్కుకే తిప్పి పంపుతాయి. తోటివాని తలకు కట్టిన లైటు వెలుగు తిరిగి అతని కంటికే చేరుతుంది. ఎదుటి పొదలో ఉన్న పందికి ఆ మెరుపు దాదాపుగా కనిపించదు.

ఈ రెండు గుణాలూ కలిసిన ఉడుపును వెతుక్కుంటూ పెద్ద దుకాణాలకు పోనక్కరలేదు. రహదారి పనివారు, పారిశుధ్య కార్మికులు చొక్కా మీద తొడిగే చేతులు లేని నారింజ జాకెట్టు అదే. హార్డ్‌వేర్ దుకాణంలో రెండు వందల రూపాయల లోపే లభిస్తుంది. కొత్త వేటగాడు కొనవలసిన మొదటి వస్తువు ఇదే. వానకోటు వేసుకుంటే జాకెట్టు దాని పైకి రావాలి, లోపల దాగిపోరాదు. ఒక్కరు వేసుకుంటే చాలదు, గుంపులో అందరూ వేసుకోవాలి. గురి పెట్టినది పందేనని పూర్తిగా రూఢి చేసుకున్న తరువాతనే మీట నొక్కాలన్న నియమానికి ఇది తోడు మాత్రమే, బదులు కాదు.

చప్పుడు, తడి, కాలు

చెవి చురుకైన జంతువు దగ్గర గుడ్డ చప్పుడు కూడా లెక్కలోకి వస్తుంది. నైలాను జాకెట్టు, ప్లాస్టిక్ వానకోటు ప్రతి కదలికకూ గరగరమంటాయి. నూలు, ఉన్ని నిశ్శబ్దంగా ఉంటాయి. నూలుకు ఒక లోపమున్నది. తడిస్తే త్వరగా ఆరదు, ఒంటిని చల్లబరుస్తుంది. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనాన్ని నిలుపుకుంటుంది. కొండ ప్రాంతపు చలికాలపు రాత్రికి పట్టణాల కాలిబాటల మీద టిబెటన్ వ్యాపారులు అమ్మే ఉన్ని స్వెట్టరు, లేదా ఇంట్లో ఉన్న పాతది చాలును. వానాకాలంలో నడిచేటప్పుడు వానకోటు వేసుకుని, పొంచి కూర్చునే చోట విప్పి మడిచి పెట్టడం మంచిది. పెట్టెలో కలరా ఉండల వాసన పట్టిన బట్టలు, సెంటు పూసిన చొక్కాలు ఎంత ఖరీదైనవైనా ఈ పనికి తగవు. వాసన లేని సబ్బుతో ఉతికి ఆరుబయట ఆరవేసినవే మేలు.

డబ్బు కొంచెం ఎక్కువ పెట్టవలసిన చోటు ఒకటున్నది. అది కాలు. 2000 నుంచి 2019 వరకు భారతదేశంలో ఏటా సగటున 58 వేల మంది పాముకాటుకు బలయ్యారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. ఆ మరణాలలో సుమారు సగం జూన్, సెప్టెంబరు నెలల మధ్యనే సంభవించాయి. కాట్లలో ఎక్కువ భాగం పాదాల మీద, కాళ్ల మీద పడతాయి. హవాయి చెప్పులతో చీకటిలో చేలోకి దిగడం పందికి ఎదురు నిలవడం కన్నా ప్రమాదకరం. ఐదారు వందల రూపాయలకు లభించే గమ్‌బూట్లు పిక్కల దాకా రక్షణనిస్తాయి. పడమటి కనుమల తడి నేలలో జలగలను ఆపడానికి చిక్కని నేతతో మోకాలి దాకా కుట్టిన గుడ్డ మేజోళ్లు చాలు. వాటిని దర్జీ చేత కుట్టించుకోవచ్చు. 1957లో కర్ణాటకలోని షిమోగా జిల్లాలో తొలిసారి గుర్తించిన కైసనూరు అటవీ జ్వరం పిడుదుల ద్వారా సోకుతుంది. తరువాతి కాలంలో అది వయనాడులోనూ కనిపించింది. ప్యాంటు అంచులను మేజోళ్లలోకి దోపుకోవడం, ఇంటికి రాగానే బట్టలు మార్చి ఒళ్లు చూసుకోవడం ఖర్చు లేని రక్షణలు.

సైనికుల పోలికగల బట్టల జోలికి పోకపోవడం శ్రేయస్కరం. సైనికుడినని ఇతరులు నమ్మాలన్న ఉద్దేశంతో అట్టి దుస్తులు ధరించడం భారతీయ న్యాయ సంహిత ప్రకారం శిక్షార్హం. ఉద్దేశం లేకపోయినా, రాత్రివేళ తుపాకీతో ఆ వేషంలో ఎదురుపడినవాడు పోలీసులకు సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది.

ఎవరు భరించాలి?

ఇంట్లో ఉన్న స్వెట్టరును మినహాయిస్తే ఖాకీ జత, నారింజ జాకెట్టు, గమ్‌బూట్లు, మేజోళ్లు కలిపి సుమారు రెండు వేల రూపాయలతో సమకూరుతాయి. ఆకుల అచ్చు జాకెట్టు ఒక్కటే దీనిని మించవచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి అమలులోకి వచ్చిన జీఎస్టీ రేట్ల ప్రకారం రెండున్నర వేలకు మించిన ధరగల దుస్తుల మీద పన్ను 18 శాతం, అంతకు లోపువాటి మీద 5 శాతమే. కనుక ఆడంబరానికి పన్ను భారం కూడా తోడవుతుంది.

రెండు వేలు స్వల్పమే. అయినా పొరుగువాని పంట కోసం రాత్రంతా మేలుకునే కూలి రైతుకు అది కూడా భారమే. కాల్చమని ఉత్తర్వు ఇచ్చేది స్థానిక సంస్థ. ఆ ఉత్తర్వుతో చీకటిలోకి వెళ్లేవారికి ఒక్కొక్క నారింజ జాకెట్టు, ఒక జత గమ్‌బూట్లు ఇవ్వడం దానికి పెద్ద ఖర్చు కాదు. వీధులు ఊడ్చే కార్మికులకు కొనే జాకెట్లనే మరికొన్ని కొంటే సరిపోతుంది. తుపాకీ లైసెన్సును పరిశీలించినట్లే ఒంటి మీది ఉడుపును కూడా పరిశీలించి పంపితే కొన్ని ప్రాణాలు నిలుస్తాయి.

తెలుగు రాష్ట్రాలలో మొక్కజొన్న, వేరుశనగ రైతులకు పందుల బెడద కొత్త కాదు. చేను చుట్టూ కర్రలు పాతి రంగురంగుల పాత చీరలు కట్టి వాటిని బెదరగొట్టే పద్ధతి పల్లెలలో చిరకాలంగా ఉన్నది. అనుమతి లేకుండా కంచెకు కరెంటు పెట్టి, పందితో పాటు మనుషుల ప్రాణాలనూ తీసిన ఉదంతాలూ ఉన్నాయి. పాత చీర కంచె ఎవరి ప్రాణం మీదకూ రాదు. అది చాలని చోట, చట్టం అనుమతించిన మేరకు తుపాకీ పట్టవలసి వస్తే, మొదట ఆలోచించవలసింది ఆ తుపాకీ పట్టినవాడు తెల్లవారేసరికి ఇంటికి చేరడం గురించి. అందుకు రెండు వందల రూపాయల జాకెట్టు చేసే మేలు, వేల రూపాయల ఆకుల అచ్చు చేయలేదు.