మాయలూ మంత్రాలూ ఉన్న నవల ఒకటి

పోయిన నవంబరులో మా అమ్మకు రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషన్ అయింది. అంతకు ముందు రెండేళ్ళుగా అచ్చక్షరం ఆమెకు చీమల బారులాగే కనిపించేది. డాక్టరుగారు కొత్త కళ్ళజోడు రాసి, "ఇంక నిక్షేపంగా చదువుకోవచ్చునమ్మా" అన్న సాయంత్రమే నన్ను పిలిచి, "ఒరేయ్, మంచి నవల ఒకటి తెచ్చిపెట్టు. మాయలూ మంత్రాలూ ఉండాలి సుమా!" అన్నది.

నేను కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. ఎం.ఏ. పట్టా కూడా ఉన్నది. డెబ్బై దాటిన తల్లి అడగవలసింది భాగవతమనీ, కాదంటే ఏ సాంఘిక నవలో అనీ నా నమ్మకం. ఆ మాటే పైకి అన్నాను.

"భాగవతం గుళ్ళో వింటూనే ఉన్నాను. సంఘం కిటికీలోంచి కనబడుతూనే ఉన్నది. నాకు కావలసింది అవి కావు" అని తేల్చేసింది.

మేముండేది అమీర్‌పేటలో. మైత్రీవనం దగ్గర నిలబడితే చేతిలో కాగితం పెట్టేవాళ్ళు పదడుగులకు ఒకరు. ఆరు వారాలలో ఉద్యోగం ఇప్పించే మంత్రాలు అక్కడ కావలసినన్ని! కంప్యూటరు భాషల పుస్తకాలు గుట్టలుగా ఉన్నాయి. మాయా నవల మాత్రం కనబడలేదు. మెట్రో ఎక్కి, ఒక్క స్టేషను దూరంలో ఉన్న పంజాగుట్టలో దిగాను. అక్కడొక షాపులో దిండంత నవల దొరికింది. అట్ట మీద నిప్పులు కక్కే సర్పం, లోపల రాజ్యాల పటం. వెల చూసి గుండె కాస్త జారినా, అమ్మ కోసం గదా అని కొన్నాను.

రెండు రోజులు అమ్మ ఆ పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నది. మూడోరోజు మూసి బల్ల మీద పెట్టేసింది. తర్వాత నాలుగు రోజులు చదువు మాటే ఎత్తలేదు. అడిగితే "ఓపిక లేదురా" అన్నది. అసలు సంగతి మా అమ్మాయి బయటపెట్టింది. తొమ్మిదో తరగతి చదువుతున్నది. "నాన్నా, నానమ్మకు అక్షరాలు కనిపించడం లేదట. ఆపరేషన్ చెడిపోయిందని భయపడుతున్నది. నీకు చెప్పవద్దన్నది."

పుస్తకం తెరిచి చూస్తే నాకే కళ్ళు చిట్లించవలసి వచ్చింది. ఆవగింజలంత అక్షరాలు! గోడ మీది కాలెండరు తీసి అమ్మ ముందు పెట్టాను. తిథి, వారం, నక్షత్రం గడగడా చదివేసింది. చెడింది కళ్ళు కాదు, నా ఎంపిక. పైగా అది మొదటి భాగమట. రెండో భాగం ఇంకా అచ్చు కాలేదట!

"అక్షరాల మాట అలా ఉంచు, కథ ఎలా ఉన్నది?" అని అడిగాను.

"ఏమున్నదిరా! వాడికి ఆకలేస్తే మంత్రం, ఏరు అడ్డొస్తే మంత్రం. ఇంక వాడికి కష్టమేమిటి? వాడి కోసం నేను దిగులు పడడమెందుకు?"

ఇరవై ఏళ్ళ పాఠాలలో నేను ఇంత తేలికగా చెప్పలేకపోయిన సూత్రమది. మాయకు ఒక హద్దు, ఒక ఖరీదు ఉండాలి. "పాతాళ భైరవి" (1951) చూసినవారికి ఇది వేరే చెప్పనక్కర లేదు. కోరినదల్లా ఇచ్చే ప్రతిమ కావాలంటే సాహసవంతుణ్ణి బలి ఇవ్వాలి. బలి కావలసిన తోట రాముడు ఎదురు తిరిగి మాంత్రికుణ్ణే బలి ఇస్తాడు. ప్రతిమ దొరికిన తర్వాత కూడా అది చేజారితే అంతా పోతుంది. మనం ఊపిరి బిగబట్టేది అందుకే. పైగా రాముడికి కావలసింది రాజకుమారి. అతడు తోటమాలి కొడుకు. ఆ కోరిక మనకు తెలిసినదే. మాయ ఎంత వింతదైనా కోరిక మనదై ఉండాలి.

ఆ సినిమాకు మూలం మధిర సుబ్బన్న దీక్షితులుగారి (1868–1928) "కాశీ మజిలీ కథలు". కాశీకి పోతూ పోతూ మణిసిద్ధుడు ప్రతి మజిలీలోనూ తన వెంట వచ్చే గొల్లపిల్లవాడికి ఒక కథ చెబుతాడు. మొత్తం పన్నెండు భాగాలు. తీరిక తక్కువగా ఉన్నవారికి ఇది చాలా అనుకూలం. ఒక మజిలీ చదివి దీపం ఆర్పేయవచ్చును. భాష కొంచెం పాతది కనుక, కొనే ముందు ఒక పేరా పైకి చదివి చూసుకోవాలి. నాలుక తడబడితే మనసూ తడబడుతుంది.

అంతకంటే పాతది పింగళి సూరన "కళాపూర్ణోదయం". పదహారో శతాబ్దపు ప్రబంధమైనా, నవలకు కావలసిన మలుపులన్నీ ఉన్నాయి. బ్రహ్మ సరస్వతికి జరగబోయే కథను ముందే చెబుతాడు. అది తర్వాత అక్షరాలా జరుగుతుంది! పద్యాలు కష్టమనేవారు వచనంలో చదువుకోవచ్చును. నవ్వుకోవాలంటే విశ్వనాథ సత్యనారాయణగారి "హాహా హూహూ" ఉన్నది. గుర్రపు తల ఉన్న గంధర్వుడొకడు లండన్‌లో ట్రఫాల్గర్ స్క్వేర్‌లో వచ్చి పడతాడు. అతడు మనిషా, జంతువా అని దొరలు తలలు బద్దలు కొట్టుకుంటారు. చిన్న పుస్తకం, ఒక మధ్యాహ్నం చాలు. "వేయిపడగలు" రాసిన చేయి ఇంత అల్లరి కూడా చేసిందా అనిపిస్తుంది. యండమూరి వీరేంద్రనాథ్ "తులసిదళం" చేతబడి మీద నడిచే నవల. పట్టు ఎక్కువే, పసిపిల్లల తల్లులు రాత్రిపూట చదవకపోవడం మేలు!

మా అమ్మాయి చేతిలో ఎప్పుడూ హారీ పోటర్. 1997 నుంచి 2007 దాకా వచ్చిన ఏడు పుస్తకాలనూ రెండుసార్లు చదివింది. దాని మాట కాదనలేక, అమెరికా రచయిత్రి ఉర్సులా లెగ్విన్ 1968లో రాసిన ఎర్త్‌సీ మాంత్రికుడి నవల నేనూ చదివాను. దేని అసలు పేరు తెలిస్తే దాని మీద అధికారం వస్తుంది అక్కడ. కుర్ర మాంత్రికుడు గర్వంతో ఒక నీడను లోకంలోకి వదిలి, చివరకు దాన్ని తానే ఎదుర్కోవలసి వస్తుంది. మంత్రోపదేశం, అపాత్రదానం తెలిసిన మనకు ఇదేమీ పరాయిగా తోచదు.

డిసెంబరులో పుస్తకాల ప్రదర్శన పెట్టినప్పుడు ఈసారి అమ్మనే తీసుకుపోయాను. వరసగా పుస్తకాలు తెరిచి, అక్షరం ఆనుతున్నదా లేదా చూసి, మొదటి పేజీ చదివి పెట్టేసేది. పటం ఉన్నవాటిని ముట్టనే లేదు. చివరకు ఒకచోట ఆగిపోయింది. దాసరి సుబ్రహ్మణ్యంగారి "రాకాసిలోయ". "తోకచుక్క", "మకరదేవత", "శిథిలాలయం" లాగే అదీ చందమామ సీరియలే. 1947లో మొదలైన ఆ పత్రిక ఇప్పుడు రావడం లేదు. దాసరివారూ 2010లో పోయారు. కథలు మాత్రం పుస్తకాలై మిగిలాయి.

"ఇది నువ్వు చదివిందే కదమ్మా!" అన్నాను.

"పూర్తిగా ఎక్కడ చదివానురా! మధ్యలో రెండు నెలల సంచికలు పక్కింటివాళ్ళు తీసుకుపోయి తిరిగి ఇవ్వలేదు. ఆ రెండు నెలలలో ఏం జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు" అన్నది.

అరవై ఏళ్ళ బాకీ! వెంటనే కొన్నాను.

ఆ రాత్రి పదకొండు గంటలకు అమ్మ గదిలో ఇంకా దీపం వెలుగుతున్నది. లోపలికి తొంగి చూశాను. అమ్మ పైకి చదువుతున్నది. తెలుగు కూడబలుక్కుని చదివే మా అమ్మాయి పక్కనే పడుకుని వింటున్నది. పొద్దున బడి ఉన్నదని మందలించబోతే, నానమ్మ పుస్తకంలోంచి తల ఎత్తకుండానే, "ఉండరా, ఆ రెండు నెలలూ ఇప్పుడే వచ్చాయి" అన్నది.

తలుపు దగ్గరగా వేసి వచ్చేశాను.