మీటరు 13 వోల్టులు చూపినా సైరన్ ఎందుకు మోగదు?

ఇంట్లో దొంగల అలారం పెట్టించుకుంటే దాని భాగాలు దాదాపు అన్నీ ఇంటి లోపల, నీడపట్టున ఉంటాయి. బయట గోడ మీద ఉండేది సైరన్ ఒక్కటే. ఎండ, వాన, దుమ్ము అన్నీ దాని మీదే పడతాయి. పైగా అది ఏడాదికి ఒక్కసారైనా మోగుతుందో లేదో తెలియదు. అందుకే పాడైన సంగతి చాలాకాలం బయటపడదు. అవసరమైన రాత్రి మోగకపోతే అలారానికి పెట్టిన ఖర్చంతా వృథా. కొన్ని సైరన్లు దీనికి పూర్తిగా భిన్నం. కరెంటు పోయినప్పుడల్లా ఊరికే మోగుతాయి. అప్పుడు ‘నాన్నా పులి’ కథలో జరిగిందే జరుగుతుంది. నిజంగా దొంగ పడ్డ రోజున ఇరుగుపొరుగు పట్టించుకోరు.

ఈ రెండు సందర్భాల్లోనూ చాలామందికి ముందుగా తట్టేది కొత్త సైరన్ కొనడమే. కానీ లోపం సైరన్‌లో కాకుండా దానికి కరెంటు అందే దారిలో ఉండవచ్చు. ఆ లోపాన్ని పట్టుకోవడానికి ఒక మల్టీమీటరు, హైస్కూల్లో చదువుకున్న ఓమ్ నియమం చాలావరకు సరిపోతాయి.

సైరన్ లోపల ఏముంటుంది?

ఇళ్లకు వాడే చాలా సైరన్లలో శబ్దం పుట్టించేది ఒక పీజోఎలక్ట్రిక్ పలక. కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుదావేశం పుడుతుందని 1880లో ఫ్రాన్స్‌లో జాక్ క్యూరీ, పియర్ క్యూరీ సోదరులు కనిపెట్టారు. సైరన్‌లో జరిగేది దానికి తలకిందులు. పలకకు వేగంగా మారే వోల్టేజి ఇస్తే అది సెకనుకు రెండు మూడు వేల సార్లు కంపిస్తుంది. మన చెవి బాగా పసిగట్టే పౌనఃపున్యాలు కూడా ఇంచుమించు అవే. అందుకే కొద్దిపాటి విద్యుత్తుతోనే చెవులు చిల్లులు పడేంత శబ్దం వస్తుంది.

విద్యుత్ అందే తీరును బట్టి వైరు సైరన్లు రెండు రకాలు. మొదటి రకంలో అలారం మోగాల్సినప్పుడే ప్యానెల్ నుంచి 12 వోల్టులు వస్తాయి, సైరన్ మోగుతుంది. రెండో రకానికి సొంత బ్యాటరీ ఉంటుంది. ప్యానెల్ నుంచి వోల్టేజి ఎప్పుడూ వస్తూనే ఉంటుంది. అది ఆ బ్యాటరీని ఛార్జి చేస్తూ, సైరన్‌ను మోగకుండా ఆపి ఉంచుతుంది. ఆ వోల్టేజి ఆగిపోతే ఎవరో వైరు కోశారని భావించి సైరన్ తనంతట తానే మోగుతుంది. మూత తెరిచినా, గోడ నుంచి పెకలించినా పసిగట్టే ట్యాంపర్ స్విచ్ కూడా ఇందులో ఉంటుంది.

మొదలుపెట్టే ముందు

ప్యానెల్‌ను టెస్ట్ మోడ్‌లో పెట్టి, పక్కింటివాళ్లకు ఒక మాట చెప్పండి. పరీక్ష పగటిపూటే చేయండి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో శబ్ద పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్. సైరన్ పక్కనే నిలబడితే 100 డెసిబెల్స్ దాటి వినిపించవచ్చు. చెవులకు రక్షణ లేకుండా నిచ్చెన ఎక్కవద్దు, ఉలిక్కిపడితే పట్టు తప్పుతుంది. ప్యానెల్ పెట్టెలోకి 230 వోల్టుల కరెంటు వస్తుంది కాబట్టి ఆ వైపు పని ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి.

మీటరు చెప్పే సగం నిజం

సైరన్ మోగడం లేదు. దాని వైర్లు ఊడదీసి, అలారం ఆన్ చేసి, వాటి కొసల మధ్య మీటరు పెడితే 13.6 వోల్టులు చూపింది. ‘కరెంటు బాగానే వస్తోంది, సైరనే పోయింది’ అనుకుంటాం. తప్పటడుగు ఇక్కడే పడుతుంది.

400 మిల్లీఆంపియర్లు తీసుకునే 12 వోల్టుల సైరన్‌ను లెక్క కోసం 30 ఓమ్‌ల నిరోధంగా అనుకుందాం. దారిలో ఒక జాయింటు చిలుము పట్టి 20 ఓమ్‌ల నిరోధం చూపుతోందనుకుందాం. డిజిటల్ మీటరు నిరోధం సాధారణంగా కోటి ఓమ్‌లు. దాని ముందు 20 ఓమ్‌లు లెక్కలోకే రావు. అందుకే మీటరు 13.6 చూపుతుంది. సైరన్ తగిలిస్తే మాత్రం మొత్తం నిరోధం 50 ఓమ్‌లవుతుంది. సైరన్‌కు అందేది 8.2 వోల్టులే, మిగతాది జాయింటులో వేడిగా పోతుంది. సైరన్‌కు చేరే శక్తి దాదాపు మూడో వంతుకు పడిపోతుంది. అది మూలుగుతుంది, లేదా అసలు మోగదు.

అందుకే వోల్టేజిని సైరన్ తగిలించి ఉండగా, మోగాల్సిన సమయంలోనే కొలవాలి. ముందు ప్యానెల్ దగ్గర, తర్వాత సైరన్ దగ్గర కొలవండి. రెండింటి మధ్య తేడా ఒక వోల్టు లోపే ఉంటే దారి బాగున్నట్టే. మూడు నాలుగు వోల్టులుంటే లోపం దారిలోనే ఉంది.

వైరు సన్నదైనా ఇదే సమస్య. అలారాలకు వాడే 0.22 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ 20 మీటర్ల దూరం వెళ్లిందంటే, రానూపోనూ 40 మీటర్లకు దాదాపు 3 ఓమ్‌ల నిరోధం ఉంటుంది. ఒక సైరన్‌కు ఇబ్బంది లేదు. అదే వైరుకు రెండు సైరన్లు తగిలిస్తే రెండు వోల్టులకు పైగా తగ్గిపోతాయి.

రాగిని తినేసే తేమ

జాయింటు ఎందుకు పాడవుతుంది? నీళ్లొక్కటే కారణం కాదు. రెండో రకం సైరన్‌లో పక్కపక్కనే ఉన్న రెండు టెర్మినళ్ల మధ్య రాత్రింబవళ్లు డీసీ వోల్టేజి ఉంటుంది. వాటి మీద తేమ, దుమ్ములోని లవణాలు చేరితే చిన్నపాటి విద్యుత్ విశ్లేషణ మొదలవుతుంది. పాజిటివ్ వైపు రాగి కరిగి అయాన్లుగా మారిపోతుంది, పచ్చటి చిలుము మిగులుతుంది. వైరు తొడుగు పైకి బాగానే కనిపిస్తుంది, లోపల తీగ పుటుక్కున తెగిపోతుంది. విశాఖ, కాకినాడ వంటి తీర పట్టణాల్లో ఉప్పుగాలి వల్ల ఇది త్వరగా జరుగుతుంది.

పైపైన గీకితే లాభం లేదు. మెరిసే రాగి కనిపించే వరకు తీగను కత్తిరించి జాయింటు మళ్లీ వేయాలి. వైరు పెట్టెలోకి కింది నుంచి వెళ్లాలి. లోపలికి వెళ్లే ముందు ఒక వంపు కిందికి వేలాడితే వాన నీళ్లు అక్కడే జారిపోతాయి. పెట్టె అడుగున నీళ్లు పోవడానికి ఉన్న రంధ్రాన్ని మాత్రం మూయవద్దు.

కరెంటు పోతే మోగుతుంటే

వీధిలో కరెంటు పోయిన కాసేపటికి సైరన్ మోగుతోందంటే, అనుమానించాల్సింది ప్యానెల్‌లోని లెడ్ యాసిడ్ బ్యాటరీని. అది బలహీనపడితే వోల్టేజి పడిపోతుంది. వైరు కోశారని సైరన్ భ్రమపడుతుంది. సైరన్ చేసింది సరైన పనే, మార్చాల్సింది బ్యాటరీని. ముసలి బ్యాటరీకి అంతర్నిరోధం పెరుగుతుంది. ఊరికే కొలిస్తే 12.7 వోల్టులు చూపి, లోడు పడగానే 10కి జారిపోతుంది. ఇదీ జాయింటు కథే. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఇలాంటి బ్యాటరీ ఆయుష్షు ఇంచుమించు సగమవుతుందని ఇంజనీర్లు స్థూలంగా లెక్కిస్తారు. మన ఎండల్లో మూడు నాలుగేళ్లకే మార్చాల్సి రావడం మామూలే.

సైరన్ సొంత బ్యాటరీ పోతే మరీ ప్రమాదం. రోజువారీ పరీక్షలో అంతా బాగానే ఉంటుంది. దొంగ వైరు కోసిన క్షణాన మాత్రం సైరన్ మూగబోతుంది. దీనికి ప్యానెల్ దగ్గర సైరన్ వైరును కాసేపు ఊడదీసి చూడాలి. సైరన్ వెంటనే గట్టిగా మోగితే బ్యాటరీ బాగున్నట్టు.

వరుసగా ఇలా వెతకండి

1. ప్యానెల్‌లో లోపాల సందేశాలు చూడండి. సైరన్ ఫ్యూజు పోయిందేమో గమనించండి. కొత్త ఫ్యూజు కూడా వెంటనే పోతే వైరులో ఎక్కడో షార్ట్ ఉన్నట్టు.

2. లోడు మీద వోల్టేజిని రెండు చోట్లా కొలవండి.

3. మొదటి రకం సైరన్ అయితే కిందికి దించి, ప్యానెల్ టెర్మినళ్లకే చిన్న వైర్లతో తగిలించండి. ఇక్కడ మోగితే లోపం దారిలో ఉంది. 12 వోల్టులు అందుతున్నా మోగకపోతే సైరన్ మార్చక తప్పదు.

4. ట్యాంపర్ లోపం పదేపదే చూపిస్తుంటే మూత బిగువుగా ఉందో లేదో, స్విచ్‌కు చీమలు, కందిరీగల గూడు అడ్డుపడ్డాయేమో చూడండి.

5. వైర్‌లెస్ సైరన్ అయితే ముందు బ్యాటరీ మార్చండి. సోలార్ పలక ఉంటే దుమ్ము తుడవండి.

శబ్దం తగ్గిందని అనిపించినా తేలిగ్గా తీసుకోవద్దు. ఆరుబయట దూరం రెట్టింపైతే శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. అంటే సైరన్ శబ్దం 6 డెసిబెల్స్ పడిపోతే, అది వినిపించే దూరం సగమైనట్టే. నెలకోసారి, వానాకాలానికి ముందు తప్పనిసరిగా, ఒక నిమిషం మోగించి చూడండి. ఆ సమయంలో ఇంట్లో ఒకరు వీధి చివర నిలబడి వింటే మంచిది. సైరన్ మోగేది ఆ వీధి వాళ్ల కోసమే.