కుక్కల దవాఖానాలో కాంపౌండరమ్మ



"పదో తరగతి పాసైంది. పశువుల పాలిటెక్నిక్ చదివి కుక్కల షెల్టరులో పనిచేస్తానంటోంది. కుక్కల్ని కడిగే పిల్లనెవరు చేసుకుంటారక్కా?" అని మా దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక తల్లి నన్నడిగింది. పెళ్ళి సంగతి నేనేం చెప్పగలను? ఆ పని ఏమిటో మాత్రం నాలుగు మాటలు చెబుతాను.

పదో తరగతి తరువాత పాలిసెట్ రాస్తే దొరికే రెండేళ్ళ డిప్లొమా ఇది. అందులో ఆవులు, గేదెలు, గొర్రెలు, కోళ్ళ పాఠాలే ఎక్కువ. కుక్కల పని చేరిన చోట చేత్తో నేర్చుకోవలసిందే. పల్లెల్లో ఈ ఉద్యోగిని ఇప్పటికీ కాంపౌండరనే పిలుస్తారు. 1984 నాటి పశువైద్య మండలి చట్టం ప్రకారం ఆపరేషన్ చేయడం రిజిస్టరయిన డాక్టరు పని. డిప్లొమా వాళ్ళు డాక్టరు పర్యవేక్షణలో చిన్నచిన్న వైద్యసేవలు చేయవచ్చు. చిన్నవని చట్టం అంటుంది గాని, అవి ఎంత పెద్దవో వినండి.

మన వైపు నాగోలు దాటితే ఫతుల్లాగూడలో బల్దియా వారి జంతు సంరక్షణ కేంద్రం వుంది. జూబిలీహిల్స్‌లో అక్కినేని అమలగారు 1992లో స్థాపించిన బ్లూక్రాస్ వుంది. ఇలాంటి చోట్ల ముఖ్యమైన పని వీధికుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేయడం. ఆడకుక్క ఏడాదికి రెండుసార్లు ఎదకు వస్తుంది, రెండు నెలల్లో ఈనుతుంది. మన హాస్టళ్ళ ఎంగిలాకులు, చికెన్ కొట్ల వ్యర్థాలు వుండనే వున్నాయి తిండికి! ఇక లెక్క మీరే వేసుకోండి.

ఆపరేషన్‌కు ముందురోజు రాత్రినుంచి కుక్కకు తిండి పెట్టరు. పొద్దున్నే తూకం వేయాలి. మత్తుమందు మోతాదు తూకాన్ని బట్టే కదా, అక్కడ తప్పు జరిగితే ప్రాణమే పోతుంది. పొట్టమీద బొచ్చు గొరిగి, అయొడిన్ మందుతో శుభ్రం చేసి బల్లమీద పడుకోబెట్టేది ఈ అమ్మాయే. డాక్టరుగారు కోసి, కుట్టి, తరువాతి కుక్క దగ్గరకు వెళ్ళిపోతారు. అసలు పని అప్పుడు మొదలవుతుంది.

మత్తులో వున్న కుక్కకు ఒళ్ళు చల్లబడుతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఊపిరికి అడ్డం రాకుండా నాలుక బయటికి లాగి, గోనెసంచి కప్పాలి. థర్మామీటరు చూడాలి. మనకు జ్వరమనిపించే 101 డిగ్రీలు కుక్కకు మామూలే. చిగుళ్ళు చూడాలి, ఇదే ముఖ్యం. వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలో మళ్ళీ ఎర్రబడాలి. తెల్లగానే వుండిపోతే లోపల రక్తం కారుతుందేమోనని వెంటనే డాక్టరును పిలవాలి. పైన కుట్లు చక్కగానే కనిపిస్తాయి మరి! బాలింతను చూసుకున్న చేతులకు ఈ కాపలా కొత్తేమీ కాదు. బాలింత నొప్పి నోటితో చెబుతుంది, ఇది చెప్పదు. తరువాత నాలుగైదు రోజులు కుట్లు నాకి తెంచుకోకుండా చూడాలి.

కుక్కపిల్లలకు పార్వో అనే రోగం వస్తుంది, నెత్తురు విరేచనాలు. పిల్లను వేరుగా పెట్టి సెలైన్ ఎక్కించాలి, నేల బ్లీచింగ్‌తో కడగాలి. అదే చెప్పులతో పక్క గదిలోకి వెళితే రోగమూ వెంట వెళుతుంది. కడగడం తక్కువ పనేమీ కాదు, సగం వైద్యం అదే.

"ఇంత చేసి మళ్ళీ మా వీధిలోనే వదులుతారేమిటి?" అని ఎల్.బి. నగర్‌లో ఒకావిడ కోపపడింది. ఆమె కోపంలో న్యాయం వుంది. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ళ పసివాణ్ణి కుక్కలు చంపిన సంగతి మనమెవరం మరచిపోలేదు. అయితే వున్న కుక్కల్ని తీసేస్తే, తిండి వున్న చోటుకు టీకా లేని కొత్త కుక్కలు వస్తాయి. నూటికి 70 కుక్కలకు టీకా పడితే రేబిస్ ఆగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. అందుకే చెవి కొసన చిన్న కత్తిరింపు గుర్తు పెట్టి, పట్టిన చోటే వదలమంటాయి 2023 నిబంధనలు. రేబిస్ వున్నవాటిని, మీదపడి కరిచేవాటిని వదలవద్దని 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు చెప్పింది. బడులు, ఆస్పత్రులు, బస్టాండ్ల దగ్గర పట్టినవాటిని తిరిగి అక్కడ వదలవద్దని నవంబరు 7న ఆదేశించింది.

ఇక ఆ తల్లి అడగవలసిన ప్రశ్న వేరే వుంది. పనిలో చేరకముందే పిల్లకు రేబిస్ టీకాలు వేయిస్తారా? మొదటి రోజు, ఏడో రోజు, మళ్ళీ మూడు నాలుగు వారాలకు ఒకటి వేసే పద్ధతి వుంది. వేయించని చోట చేరనివ్వకండి. టీకా వేసుకున్నా, కరిస్తే మళ్ళీ డాక్టరుకు చూపించుకోవలసిందే.

మన పిల్లల్ని కరిచినా అంతే. సున్నం, కారం, పసుపు పెట్టకండి. సబ్బుతో, ధారగా పడే నీటికింద పదిహేను నిమిషాలు గడియారం చూసి కడగండి. కట్టు కట్టకుండా ఆ రోజే సూదిమందుకు తీసుకువెళ్ళండి. నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థ ఇందుకు పేరున్నది. గాయం లోతుగా వుంటే టీకాతోపాటు గాయంలో వేసే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా కావాలని అడగండి. మొదటి సూదితో మానేయకుండా, చీటీలో రాసిన తేదీలన్నిటికీ వెళ్ళండి.